అల్లాడి కృష్ణస్వామయ్యరు గారి చరిత్ర

నెల్లూరు మండలమందలి పుదూరను చిన్నగ్రామమున, 1883 మే 14వ తేదీన, అల్లాడి కృష్ణస్వామయ్యరు గారు జన్మించిరి. తండ్రి ఏకామ్రశాస్త్రి గారు పురోహితులు. కృష్ణస్వామయ్యరు గారు మదరాసు క్రైస్తవ కళాశాలలో చరిత్ర నభ్యసించి, న్యాయశాస్త్ర పట్టమును పొంది, 1929 మొదలు 1944 వఱకు మదరాసు ప్రభుత్వమునకు అడ్వొకేట్ జనరలుగా నుండిరి.

1947 ఆగస్టు 29న ఏర్పడిన రాజ్యాంగ ముసాయిదా సంఘపు సభ్యులేడ్వురిలో వీరొకరు. తనకంటె సమర్థులైన అల్లాడి వంటివారుండగా తన్ను అధ్యక్షునిగా నెన్నుకొనుట వింత గొలిపినదని డాక్టరు అంబేద్కరు గారే సభలో ఒప్పుకొనిరి.

ఒక గ్రామమునకు ఇరువురు ప్రభువులున్నచో ఎవరి శాసనము చెల్లవలెను? ఆ సంఘము తీర్పవలసిన చిక్కులలో నిది యొకటి. అధికారములను మూడు పట్టికలుగా విభజించిరి. ఉదయగిరి తపాలా కచేరి కేంద్రమునకు చెందును. ఆత్మకూరు పొలముల శిస్తు, రాష్ట్రధనముచే నడచు గ్రంథాలయము రాష్ట్రమునకు చెందును. వివాహము, ఒడంబడికలు ఉభయులకును ఉమ్మడి. ఉమ్మడి విషయమున రెండు చట్టములు విరోధించినచో పార్లమెంటు చట్టమే నిలుచును. రాష్ట్రపతి ఆమోదము పొందిన రాష్ట్రచట్టము మాత్రము ఆ రాష్ట్రమున చెల్లును. దానిని సైతము పార్లమెంటు పిమ్మట మార్పవచ్చును. ఏ పట్టికయందును లేనివి కేంద్రమునకే దక్కును. అల్లాడి వారు బలమైన కేంద్రమును కోరినవారు. అయినను మన రాజ్యాంగము సమాఖ్యయే యని వాదించిరి.

ఈ హద్దులు చెఱగనివి కావు. 1976 నాటి 42వ సవరణచే అడవులు రాష్ట్రపు పట్టికనుండి ఉమ్మడి పట్టికకు మాఱెను. నాటినుండి ఉదయగిరి కొండల యడవిపై ఢిల్లీ చట్టమునకును అధికారము కలిగెను.

రాష్ట్రముల యెల్లలను మార్చు అధికారమును మూడవ అధికరణము పార్లమెంటునకే యొసగినది. రాష్ట్ర శాసనసభ అభిప్రాయము నడుగవలెనే కాని, దానికి బద్ధులు కానక్కరలేదు. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు గారు ప్రాణమర్పించిన పిమ్మట, ఆ యధికారముచేతనే 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మవతరించెను. ఉదయగిరి, ఆత్మకూరు తాలూకాలు మదరాసును వీడి అందు చేరెను. ఆ యధికారముచేతనే 2014లో, శాసనసభ బిల్లును తిరస్కరించినను, ఆంధ్రప్రదేశము విభక్తమయ్యెను. ఒకనాడు కోరిక తీర్చిన కత్తియే మఱియొకనాడు కోతపెట్టినది.

కన్నమండలము ఆంధ్రరాష్ట్రమున చేరిన మూడవనాడు, 1953 అక్టోబరు 3న, అల్లాడి వారు పరమపదించిరి. వారి కృషి ఫలమైన ఆ మూడు పట్టికలు రాజ్యాంగపు ఏడవ షెడ్యూలునందున్నవి. ఏ కష్టమునకు ఏ గడప త్రొక్కవలెనో తెలియగోరు రైతు మొదట చదువవలసిన పుటలవియే.