యల్లాప్రగడ సుబ్బారావు

కొల్లేటికి తూర్పున, భీమవరములో 1895 జనవరి 12వ తేదీన యల్లాప్రగడ సుబ్బారావుగారు జన్మించిరి. చదువు తేలికగా అబ్బలేదు. మెట్రిక్యులేషను మూడవసారికి గాని గట్టెక్కలేదు. మదరాసు వైద్య కళాశాలలో, గాంధీజీ పిలుపు విని, శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు తొడిగి వెళ్లిరి. ఆంగ్లేయ ఆచార్యునకు అది గిట్టలేదు. చివరకు ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాయే దక్కెను.

అంతకంటె పెద్ద దెబ్బ ఇంటిలోనే తగిలెను. ఎనిమిది దినముల వ్యవధిలో ఇద్దరు సోదరులు పోయిరి. అన్న పురుషోత్తమును బలిగొన్నది స్ప్రూ అనెడి గ్రహణి జాతి వ్యాధి. అదే తనకును సోకగా ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదము కాపాడెను.

భార్యను స్వదేశముననే విడిచి బోస్టను చేరిరి. మరల తిరిగి రాలేదు. ఆ ఇల్లాలి నిరీక్షణను గూర్చి వ్రాసినవారు తక్కువ. హార్వర్డులో ఫిస్కేతో కలిసి రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. అచట శాశ్వతోద్యోగము దొరకక 1940లో లెడర్లీ ప్రయోగశాలకు వెళ్లిరి.

బొంబాయి మిల్లు కార్మికులైన గర్భిణుల రక్తహీనత ఈస్టు సారముతో తగ్గుననిలూసీ విల్సు అను వైద్యురాలు 1931లోనే చూపెను. 1941లో పాలకూరనుండి తీసిన అట్టి పదార్థమునకు ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. కాని టన్నులకొలది ఆకు నూరినను దక్కునది చిటికెడే. సుబ్బారావుగారి బృందము 1945లో దానిని ప్రయోగశాలలోనే తయారుచేసెను. స్ప్రూ రోగులు దానితో కోలుకొనిరి. పురుషోత్తము పోయి అప్పటికి ఇరువదియేండ్లు దాటినవి. కొల్లేటి సీమ నెఱిగిన బోదకాలునకు ఇచ్చు డి.ఇ.సి. మాత్రయు ఆ ప్రయోగశాలలో పుట్టినదే.

1948లో, 53వ యేట, ఆయన న్యూయార్కు ప్రాంతమున కన్నుమూసిరి.

గర్భస్థ శిశువు వెన్నుపాముగా మారు నాళము నాలుగు వారములలో మూసికొనవలెను. అది మూసికొననిచో వెన్ను చీలిన బిడ్డ పుట్టును. ఆ నాటికి తల్లికి తాను గర్భవతినను సంగతియే తెలియకపోవచ్చును. అట్టి బిడ్డను ఒకసారి కనిన తల్లులకు ముందుగా ఫోలిక్ ఆమ్లమిచ్చిన, మరల ఆ లోపము కలుగుట నూటికి 72 వంతులు తగ్గినదని 1991లో బ్రిటిషు పరిశోధకులు తేల్చిరి. మాత్ర ఆలస్యమగును, అన్నమైనచో ముందే చేరును. అందుచే అమెరికా 1998నాటికి పిండిలో కలుపుట తప్పనిసరి చేసెను. మన ప్రభుత్వము చౌకధరల దుకాణములకును, బడి భోజనములకును ఇనుము, ఫోలిక్ ఆమ్లము, బి12 చేర్చిన బియ్యమును పంపుదుమని 2021లో ప్రకటించెను. నూరు గింజలకు అట్టి గింజ ఒకటి. ఏలూరు, తాడేపల్లిగూడెము వంటి ధాన్యసీమలలో బియ్యపు వన్నె నెఱిగిన కళ్లకు ఆ గింజ వేరుగా తోచును. ప్లాస్టిక్ బియ్యమని చేటలో ఏరి పారవేసిన తల్లులును మన రాష్ట్రమున కలరు.