రేనాటి వీరుని పేరిట ఓర్వకల్లు విమానాశ్రయం

కర్నూలు - నంద్యాల రహదారిపై ఓర్వకల్లు వద్ద నిర్మితమైన చిన్న విమానాశ్రయాన్ని 2021 మార్చి 25న అప్పటి ముఖ్యమంత్రి శ్రీ వై.ఎస్. జగన్‌మోహన్‌రెడ్డి ప్రారంభించి, దానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరును ప్రకటించారు. అప్పటికి 174 ఏళ్ల క్రితం ఈ సీమలోనే ఉరికంబమెక్కిన పాలెగారి పేరది.

నరసింహారెడ్డి నొస్సం పాలెగారు జయరామిరెడ్డి మనుమడు. 1800లో నిజాం నవాబు దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన పిమ్మట పాలెగార్ల అధికారాలు రద్దయి, వారికి తవర్జీ పేరిట నెలసరి భరణం మాత్రమే మిగిలింది. నరసింహారెడ్డికి దక్కినది నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. నొస్సం వంశీయుల భరణంలో తనకు రావలసిన భాగాన్ని కంపెనీ నిరాకరించడం ఆయన ఆగ్రహానికి కారణమైంది. అయితే ఒక్క భరణం తగాదా కోసం వేలాది జనం ప్రాణాలకు తెగించి వెంట నడవరు. తరతరాలుగా గ్రామ రక్షణ బాధ్యత వహించిన కట్టుబడిదారుల మాన్యాలను కంపెనీ స్వాధీనం చేసుకోసాగింది. బ్రతుకుతెరువు కోల్పోయిన వారే ఆయన సైన్యమైనారు. వడ్డె ఓబన్న ఆయనకు కుడిభుజంగా నిలిచాడు.

1846 జూలైలో ఈ దళం కోయిలకుంట్ల ఖజానాను కొల్లగొట్టింది. తహసీల్దారు హతుడయ్యాడు. గిద్దలూరు వద్ద కంపెనీ సేనలతో పోరు జరిగిన తరువాత నరసింహారెడ్డి నల్లమల అడవులను ఆశ్రయించారు. ఆయనను పట్టి ఇచ్చినవారికి వేయి రూపాయల బహుమతి ప్రకటించిన కంపెనీ, కడప కలెక్టరు కాక్రేన్ ఆధ్వర్యంలో గాలింపు సాగించి, అక్టోబరు 6న పేరుసోముల కొండల వద్ద నిర్బంధించింది. విచారణానంతరం 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో రెండు వేలకు పైగా ప్రజలు చూస్తుండగా ఉరి తీశారు. అనుచరులలో 112 మందికి శిక్షలు పడ్డాయి. ఉరితో కంపెనీ భయం తీరలేదు కాబోలు, ఆయన శిరస్సును 1877 వరకు అదే ఊరిలో బహిరంగంగా వ్రేలాడదీసి ఉంచారు. జనం మాత్రం ఆయన కథను పాటలుగా కట్టి పాడుకున్నారు.

ఓర్వకల్లు విమానాశ్రయానికి 2019 జనవరిలోనే ఒకసారి ప్రారంభోత్సవం జరిగినా, పౌరవిమానయాన డైరెక్టరేట్ జనరల్ లైసెన్సు 2021 జనవరిలో గాని లభించలేదు. రెండు కిలోమీటర్ల రన్‌వే ఏటీఆర్ తరహా విమానాలకు సరిపోతుంది. ఉడాన్ పథకం క్రింద 2021 మార్చి 28న బెంగళూరు, విశాఖపట్నం, చెన్నై నగరాలకు సర్వీసులు మొదలయ్యాయి. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో ఉయ్యాలవాడ, కోయిలకుంట్ల నంద్యాల జిల్లాలో చేరగా, ఆ వీరుని పేరుగల విమానాశ్రయం కర్నూలు జిల్లాలో నిలిచింది.