స్త్రీల వైద్యురాలు డాక్టర్ కుగ్లర్

పందొమ్మిదవ శతాబ్దం చివరి దశకాలలో తెలుగు పల్లెలలో ప్రసవమంటే స్త్రీకి పునర్జన్మే. పురుష వైద్యుని ఎదుట పడటానికి ఆచారం అంగీకరించేది కాదు. స్త్రీ వైద్యులు మిక్కిలి అరుదు. మంత్రసాని అనుభవమే దిక్కు. ఆమె చేతులు శుభ్రంగా లేకపోతే తల్లికి సూతికాజ్వరం వచ్చేది. బొడ్డు కోసే పనిముట్టు మురికిదైతే బిడ్డకు ధనుర్వాతం సోకేది. ఆ మరణాలను విధివ్రాతగా భావించి ఇంటివారు సరిపెట్టుకొనేవారు. నివారించదగిన ఈ మృత్యువుతో గుంటూరు సీమలో నాలుగు దశాబ్దాలకు పైగా పోరాడిన వైద్యురాలు డాక్టర్ అన్నా సారా కుగ్లర్.

కుగ్లర్ 1856లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో జన్మించింది. 1879లో పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాలలో పట్టభద్రురాలైంది. మన దేశానికి చెందిన ఆనందీబాయి జోషి 1886లో వైద్యపట్టం పొందినది కూడా ఈ కళాశాలలోనే. గుంటూరులోని లూథరన్ మిషన్ నుండి స్త్రీ వైద్యురాలు కావాలన్న పిలుపు రాగా, కుగ్లర్ స్వదేశంలోని ఉద్యోగాన్ని వదలి 1883లో గుంటూరు చేరింది. అయితే మిషన్ సంఘం ఆమెను పంపినది వైద్యురాలిగా కాదు, ఘోషా స్త్రీలకు చదువు చెప్పే ఉపాధ్యాయినిగా! రోగులను చూస్తూ కూడా ఊరకుండటం ఆమెకు సాధ్యం కాలేదు. బోధన సాగిస్తూనే వైద్యం చేసింది. చివరకు 1885లో సంఘం ఆమెను వైద్యురాలిగా గుర్తించింది. మరుసటి సంవత్సరం గుంటూరులో చిన్న వైద్యశాల వెలసింది. 1897లో యాభై పడకల ఆసుపత్రి ప్రారంభమైంది.

కట్టడాలు లేచినంత సులువుగా విశ్వాసం కలగదు. విదేశీయురాలు తాకితే మైల అని తలచే ఇండ్లు అనేకం. ఆమె దేనికీ నొచ్చుకోక, తెలుగు నేర్చి, పిలిచిన ప్రతి ఇంటికీ వెళ్ళింది. భార్యకు ఆమె చేసిన వైద్యానికి కృతజ్ఞతగా ఏలూరు జమీందారు రోగుల బంధువుల కోసం ఆసుపత్రి చెంత సత్రం కట్టించాడు.

కుగ్లర్ గుంటూరుకు వచ్చిన మరుసటి ఏడే, 1884లో, జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కోచ్ కలకత్తాలో పరిశోధించి కలరాకు మూలమైన సూక్ష్మజీవిని నిర్ధారించాడు. రోగానికి కారణం దేవత ఆగ్రహం కాదనీ, కలుషితమైన నీరనీ విజ్ఞానశాస్త్రం చెబుతున్నది. కాని ఆ మాటను పల్లెటూరి ఇల్లాలి పొయ్యి దాకా చేర్చేవారెవరు? ఒక్క వైద్యురాలు ఎన్ని గడపలు ఎక్కగలదు?

ఈ ప్రశ్నకు సమాధానం స్థానిక క్రైస్తవ స్త్రీలలో లభించింది. వారిలో చాలామంది చదువుకూ గౌరవానికీ దూరమైన కులాలలో పుట్టినవారు. ఆసుపత్రిలో వారికి నర్సు శిక్షణ లభించింది. చేతులు కడుక్కోవటం, పనిముట్లను శుద్ధిచేయటం, బాలింతనూ పసికందునూ పరిశుభ్రంగా ఉంచటం ఆ శిక్షణకు పునాది. ఇల్లిల్లూ తిరిగే బైబిలు స్త్రీలు రోగులకు ధైర్యం చెప్పారు. ఒకనాడు ఊరిబావి నుండి నీరు తోడుకోవటానికే అర్హత లేని ఇంటి ఆడపడుచు, పెద్దింటి బిడ్డకు ప్రాణం నిలిపే నర్సుగా నిలబడటం సామాన్యమైన మార్పు కాదు.

ఈ సేవ గుంటూరు పట్టణానికే పరిమితం కాలేదు. పల్నాటిలోని రెంటచింతలకూ, సముద్రతీరాన ఉన్న చీరాలకూ లూథరన్ మిషన్ వైద్యసేవ విస్తరించింది. దక్షిణాన నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపిన స్త్రీల ఆసుపత్రి కూడా ఇటువంటి సేవనే చేసింది. ఆ విధంగా కోస్తా తీరం పొడవునా నర్సు వృత్తి క్రైస్తవ యువతులకు జీవనోపాధి అయింది. పల్లెకు ఆరోగ్యపాఠం అయింది.

ఆనాటి ప్రభుత్వం కుగ్లర్‌ను 1905లోనూ, 1917లోనూ కైజర్-ఇ-హింద్ పతకంతో గౌరవించింది. ఆమె 1930 జూలైలో గుంటూరులోనే కన్నుమూసింది. ఆసుపత్రికి ఆమె పేరే నిలిచింది. మందు ఒక రోగిని బ్రతికిస్తుంది. శుభ్రమైన అలవాటు ఒక ఇంటిని కాపాడుతుంది. ఆ అలవాటును తల్లికి నేర్పితే అది బిడ్డలకు వారసత్వంగా సంక్రమిస్తుంది. కుగ్లర్ జీవితం తెలిపే సత్యం ఇదే.