రాళ్లలో చెట్లను చదివిన ఆచార్య బీర్బల్ సాహ్ని

మన ప్రత్యేక సంచికలలో సాధారణంగా దేశనాయకుల గురించి, కవుల గురించి, వాగ్గేయకారుల గురించి వ్రాసుకుంటూ ఉంటాము. ఈసారి ఒక శాస్త్రజ్ఞుని జీవితం వ్రాయాలని నాకు అనిపించింది. ఆయన తెలుగువారు కారు. అయినా మన రాజమండ్రి చుట్టుపక్కల నల్లరాయి వయస్సు ఎంత అనే తగవులో ఆయన పేరు లేకుండా మాట సాగదు. ఆయనే ఆచార్య బీర్బల్ సాహ్ని.

సాహ్నిగారు 1891 నవంబరు 14న పంజాబులోని భేరా అనే ఊరిలో జన్మించారు. ఆ ఊరు ఇప్పుడు పాకిస్తానులో ఉన్నది. తండ్రి రుచిరామ్ సాహ్ని లాహోరు గవర్నమెంటు కాలేజీలో రసాయనశాస్త్ర ఆచార్యులు, సంఘ సంస్కర్త. కుమారుడు ఐ.సి.ఎస్. అధికారి కావాలని ఆయన కోరిక. ఆ రోజులలో ఐ.సి.ఎస్. అంటే ఏమిటో మన సభ్యులకు చెప్పనక్కరలేదు. కానీ కుమారుని మనస్సు చెట్లమీద ఉన్నది. తండ్రి చివరకు కాదనలేదు. 1911లో సాహ్నిగారు కేంబ్రిడ్జి వెళ్లి, ప్రసిద్ధుడైన సీవార్డు దొర వద్ద శిలాజ వృక్షాల అధ్యయనం చేశారు. 1919లో లండన్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొంది స్వదేశానికి తిరిగివచ్చారు. బెనారస్‌లోను, లాహోరులోను కొద్దికాలం పనిచేసి, 1921లో లక్నో విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్ర శాఖకు మొదటి ఆచార్యులై, జీవితాంతం అక్కడే ఉండిపోయారు. 1920లో సావిత్రీదేవిగారితో వివాహమైనది. ఈ అమ్మగారి సంగతి చివర మళ్లీ చెబుతాను.

శిలాజం అంటే రాయిగా మారిన ప్రాణి గుర్తు. సాహ్నిగారు ఎక్కువగా శ్రమపడినది దక్కన్ ట్రాప్ అనే నల్లరాతి పొరల మధ్య దొరికే మొక్కలపైన. కోట్ల ఏండ్ల క్రితం నేల చీలి, లావా పొంగి, పొర మీద పొరగా పరచుకున్నది. ఒక పొంగుకూ మరొక పొంగుకూ మధ్య కొన్ని వేల ఏండ్ల విరామం ఉండేది. ఆ విరామంలో చెరువులు ఏర్పడేవి, చెట్లు మొలిచేవి. మళ్లీ లావా వచ్చి కప్పివేసేది. సిలికా కలిసిన నీరు చెట్టు కణాలలోకి ఇంకి గట్టిపడటం వలన వేరు, కాయ, గింజ యథాతథంగా నిలిచిపోయాయి. ఆ రాయిని పలుచగా కోసి, అరగదీసి, సూక్ష్మదర్శినిలో చూస్తే కణాల గోడలు కూడా కనిపిస్తాయి.

మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతపు రాళ్లలో తాళజాతి చెట్లు ఎన్నో దొరికాయి. నీటిపై తేలే అజొల్లా అనే చిన్న మొక్క కూడా దొరికింది. మన డెల్టా రైతులు వరిచేలలో పచ్చిరొట్టకు బదులు వేసుకునే అజొల్లాకు అది పూర్వీకురాలి వంటిది. అజొల్లా ఉన్నదంటే అక్కడ కదలని మంచినీటి మడుగు ఉండేదని అర్థం. అన్నిటికంటె విచిత్రం నీపా అనే తాళజాతి కాయ. ఈనాడు నీపా సుందరవనాల వంటి చోట్ల, ఆటుపోట్లు వచ్చే ఉప్పుకయ్యల బురదలో మాత్రమే పెరుగుతుంది. సముద్రానికి అంత దూరాన, దేశం నడిబొడ్డున ఆ కాయ దొరికిందంటే, ఒకనాడు సముద్రపు పాయ అంతవరకు వచ్చి ఉండాలి. ఒక్క కాయ అంత సాక్ష్యం చెప్పింది. ఇటువంటి నీపా కాయలే ఇంగ్లండులో లండన్ బంకమట్టి పొరలలోనూ దొరికాయి. అవి ఇయోసీన్ యుగానివి, అనగా సుమారు అయిదున్నర కోట్ల ఏండ్ల నాటివి.

ఇక మన వైపు వద్దాము. మా భవానీపురం పక్కనున్న ఇంద్రకీలాద్రిలో శిలాజాలు దొరకవు. ఆ కొండరాయి అంతకు ఎన్నో రెట్లు పాతది, భూగర్భపు వేడికి రూపు మారినది. దక్కన్ ట్రాప్ చూడాలంటే గోదావరి ఒడ్డుకు పోవాలి. రాజమండ్రి పక్క కాతేరు, ఇవతలి ఒడ్డున పంగిడి, గౌరీపట్నం, దుద్దుకూరు ప్రాంతాలలో రెండు నల్లరాతి పొరల మధ్య తెల్లని సున్నపురాతి పొర ఉన్నది. అందులో నత్తగుల్లలు, ఆల్చిప్పలు కనిపిస్తాయి. 1930లలో బెంగుళూరు సెంట్రల్ కాలేజీ ఆచార్యులు ఎల్. రామారావుగారు, ఎస్.ఆర్. నారాయణరావు, కె. శ్రీపాదరావుగార్లు ఈ పొరలను పరిశీలించారు. కాతేరు రాతిలో గసగసాలంత ఉండే ఒకరకం నీటి నాచు బీజాలు దొరికాయి.

నేను సర్వీసులో ఉన్నప్పుడు కొంతకాలం నల్లరాతి కంకర పర్మిట్ల ఫైళ్లు చూశాను. వాటిలో రాయి అంటే ఇన్ని ఘనపు మీటర్లు, ఇంత సీనరేజి అని మాత్రమే ఉండేది. ఆ కంకర పక్కనే ఒక పాత సముద్రతీరం ఉన్నదని ఏ కాలములోనూ వ్రాసి ఉండదు గదా!

ఈ రాళ్ల వయస్సుపై అప్పట్లో పెద్ద వివాదం ఉండేది. ఇవి రాక్షసబల్లులు తిరిగిన క్రిటేషియస్ యుగానివని చాలామంది నమ్మేవారు. సాహ్నిగారు 1934 నుండి, మొక్కల సాక్ష్యంతో, ఇవి తరువాతిదైన టెర్షియరీ యుగపు తొలిభాగానివని, ఇయోసీన్ ఆరంభానికి చెందినవని వాదించారు. రాజమండ్రి పొరల సాక్ష్యమూ ఆయన పక్షానికి బలమిచ్చింది. 1940 జనవరిలో మద్రాసులో జరిగిన ఇండియన్ సైన్స్ కాంగ్రెస్‌కు అధ్యక్షులుగా ఈ విషయం మీదనే ఉపన్యసించారు. అప్పటికే, 1936లో, ఆయన రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు.

ఎవరి మాట నెగ్గింది? రాతిలోని ధాతువులను బట్టి వయస్సు లెక్కకట్టే పద్ధతులు వచ్చిన తరువాత, లావాలో అధికభాగం 6 కోట్ల 60 లక్షల ఏండ్ల ప్రాంతంలో, రెండు యుగాల సంధికాలంలోనే పొంగిందని తేలింది. మధ్య భారతంలోని కొన్ని పొరలు క్రిటేషియస్ చివరివే. అక్కడ సాహ్నిగారి మాట నిలువలేదు. కానీ రాజమండ్రి క్వారీలలోని సూక్ష్మ సముద్రజీవులను పరిశీలించి గెర్టా కెల్లర్ బృందం 2008లో ప్రకటించిన ప్రకారం, మన నల్లరాళ్ల మధ్య పొర టెర్షియరీ ఆరంభానిదే. అంటే మన జిల్లాల రాయి ఆయన పక్షానే సాక్ష్యం చెప్పింది.

మరొక వివాదంలో ఆయనకు పూర్తిగా ఎదురుదెబ్బే తగిలింది. ఆయన స్వగ్రామానికి దగ్గరలోని ఉప్పుకొండలు ఇయోసీన్ యుగానివని, ఉప్పును కరిగించగా దొరికిన చెక్క నలుసుల ఆధారంగా 1940లలో వాదించారు. ఆ నలుసులు తరువాత చేరినవని ప్రతిపక్షం వారు అన్నారు. ఆ ఉప్పు 50 కోట్ల ఏండ్లకు పైబడినదని ఇప్పుడు అందరూ ఒప్పుకుంటున్నారు. ఇందువలన ఆయన గౌరవం తగ్గలేదు. ఆధారం చూపి వాదించిన మనిషి ఓడినా, అతడు వెతికించిన పని శాస్త్రానికి మిగులుతుంది.

1946లో దంపతులిద్దరూ తమ శిలాజాలను, పుస్తకాలను, ఆస్తిని ట్రస్టుకు ఇచ్చి లక్నోలో శిలాజ వృక్షశాస్త్ర సంస్థను స్థాపించారు. 1949 ఏప్రిల్ 3న భవనానికి ప్రధాని నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. ఆ పునాదిరాయిలో దేశవిదేశాల శిలాజాలు పొదిగి ఉన్నాయి. సరిగ్గా వారం తిరగక మునుపే, ఏప్రిల్ 9వ తేదీ రాత్రి తెల్లవారేలోగా, సాహ్నిగారు గుండెపోటుతో కన్నుమూశారు. వయస్సు 57. సంస్థ ఆవరణలోనే సమాధి ఉన్నది.

పునాదిరాయి తప్ప మరేమీ లేని ఆ స్థితిలో సావిత్రీదేవిగారు సంస్థ బాధ్యత తలకెత్తుకున్నారు. ఆమె శాస్త్రజ్ఞురాలు కారు. భర్తతో కలిసి రాళ్లకోసం కొండలు తిరిగిన అనుభవమే ఆమె అర్హత. భవనం పూర్తయి 1953లో నెహ్రూగారి చేతనే ప్రారంభమయ్యే వరకు, ఆ తరువాత కూడా చాలా ఏండ్లు, సంస్థను ఆమె నిలబెట్టారు. 1969లో పద్మశ్రీ లభించింది. 1985లో స్వర్గస్థులైనారు. సంస్థ ఈనాటికీ ఆచార్యుల పేరుతోనే పనిచేస్తున్నది.

చివరగా గోదావరి జిల్లాలలో ఉన్న మన సభ్యులకు ఒక మనవి. క్వారీలలో నల్లరాయితోపాటు తెల్లపొర కూడా కరిగిపోతున్నది. మీ ఊరి దరిదాపుల గుల్లలున్న రాయి దొరికితే, ఎక్కడ దొరికినదో చీటీ వ్రాసి అంటించి, ఊరి బడికి ఇప్పించండి. ఎక్కడిదో తెలియని రాయి సాక్ష్యానికి పనికిరాదు. సాహ్నిగారి వంటి పిల్లవాడు ఏ బడిలో ఉన్నాడో మనకేమి తెలుసు!