జామగీ తుపాకులతో కంపెనీని ఎదిరించిన నరసింహారెడ్డి

చాగలమర్రికి ఎంతో దూరం లేని ఉయ్యాలవాడ గ్రామం పేరు చెబితే రేనాటి ప్రజలకు నరసింహారెడ్డి గుర్తుకు వస్తారు. ఆయన తండ్రి పెద్దమల్లారెడ్డి. మాతామహులు నొస్సం పాలెగాండ్లు. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాక పాలెగాండ్ల కోటలు, బలగాలు పోయాయి. నరసింహారెడ్డికి మిగిలింది నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసల భరణం మాత్రమే.

ఊరి కావలి కాసే కట్టుబడి బంట్రోతులకు జీతం బదులు మాన్యం భూములు ఉండేవి. 1846లో ఆ మాన్యాలను కంపెనీ కలుపుకోసాగింది. బతుకుతెరువు పోయిన కట్టుబడులు ఆయన వద్దకు చేరారు. ఆ ఏడాది జూలైలో వారు కోయిలకుంట్ల ఖజానాను కొల్లగొట్టారు. తర్వాత గిద్దలూరు ప్రాంతంలో కంపెనీ పటాలంతో తలపడ్డారు.

పాలెగాండ్ల బంట్లు వాడేవి కత్తులు, ఈటెలు, జామగీ తుపాకులు. జామగీ అంటే నిప్పంటించిన ఒత్తి. మందు, గుండు గొట్టం మూతి నుంచి కూరి, ఒత్తి ముట్టిస్తేనే పేలుతుంది. నిమిషానికి ఒకటి రెండు గుండ్లు వేస్తే గొప్ప. వాన పడి ఒత్తి తడిస్తే అది కర్రతో సమానం. కంపెనీ సిపాయిలవి చెకుముకి రాయితోనో, టోపీ మందుతోనో పేలే మస్కెట్లు. వాటి కొనకు బాయినెట్టు ఉండేది.

అప్పటికే ఐరోపాలోని ప్రష్యా 1841లోనే తన సైన్యానికి బోల్టు రైఫిలును ఎంపిక చేసుకొంది. బోల్టు వెనక్కు లాగి తూటా పెట్టి మూస్తే చాలు. పడుకొని కూడా కాల్చవచ్చు. ఆ జాతిదే 1895లో బ్రిటిష్ సైన్యానికి వచ్చిన లీ ఎన్‌ఫీల్డ్. 'త్రీ నాట్ త్రీ'గా మన ఊళ్లకు తెలిసిన ఈ రైఫిలు, స్వాతంత్ర్యం వచ్చాక కూడా దశాబ్దాల పాటు పోలీసుల భుజాన ఉండేది.

1846 అక్టోబరు 6న పేరుసోముల కొండల్లో నరసింహారెడ్డి పట్టుబడ్డారు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయనను ఉరితీశారు. జనం భయపడాలని తలను కోట బురుజుపై 1877 వరకు, 30 ఏళ్లు వేలాడదీశారు.

మరుసటి ఏడాదే, 1878లో, ఆయుధాల చట్టం వచ్చింది. లైసెన్సు లేనిదే రైతు ఇంట తుపాకి ఉండరాదన్నారు. దాని స్థానంలో 1959 చట్టం వచ్చింది. బాగు చేసినా కాల్చడానికి పనికిరాని పాతకాలపు తుపాకులకు ఇందులో మినహాయింపు ఉంది. పేలేదైతే, తాతల నాటిదైనా సరే, లైసెన్సు ఉండవలసిందే.

తల చూపి భయపెట్టాలనుకున్న కంపెనీ 1858లోనే పాలన పోగొట్టుకొంది. మాన్యం పోయిన బంట్రోతుల కోసం ఒత్తి తుపాకులతో నిలిచిన రెడ్డి పేరు మాత్రం రేనాటిలో నేటికీ నిలిచి ఉంది.