ఫుట్‌బాల్ గురువు రహీం

మీరు ఫుట్‌బాల్ ఆట చూసే ఉంటారు. ఆ ఆటలో మన దేశాన్ని రెండుసార్లు ఆసియా విజేతగా నిలిపిన శిక్షకుడు హైదరాబాదువారని మీకు తెలుసా? ఆయనే సయ్యద్ అబ్దుల్ రహీం.

రహీం 1909లో జన్మించారు. వృత్తిరీత్యా ఉపాధ్యాయులు. 1950లో హైదరాబాదు నగర పోలీసు జట్టుకు శిక్షకులయ్యారు. ఆ జట్టు 1954 వరకు వరుసగా 5 సార్లు రోవర్స్ కప్పు గెలుచుకుంది.

1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో భారత జట్టుకు స్వర్ణపతకం లభించింది. మరుసటి సంవత్సరమే హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మన జట్టును 10-1 గోల్స్‌తో ఓడించింది. అప్పుడు మన ఆటగాళ్లలో చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. అయినా రహీం శిక్షణ ఆగలేదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు 4వ స్థానం పొందింది.

1962లో క్యాన్సర్ వ్యాధితో బాధపడుతూనే ఆయన జట్టుతో జకార్తా వెళ్లారు. ఫైనల్లో దక్షిణ కొరియాపై 2-1తో గెలిచి భారత్ మళ్లీ స్వర్ణం సాధించింది. 1963 జూన్ 11న రహీం కన్నుమూశారు.

చదువు మధ్యలో ఆగిందని మీరు దిగులుపడుతున్నారా? హెల్సింకీ తరువాత మెల్‌బోర్న్ వచ్చిందని గుర్తుంచుకోండి.