మన మందుల డబ్బాలో మన సుబ్బారావు

మీ ఇంట్లోని మందుల డబ్బా ఒకసారి తెరిచి చూడండి. ఇంట్లో గర్భిణి ఉంటే ఫోలిక్ యాసిడ్ మాత్రలుంటాయి. కీళ్లవాతంతో బాధపడే పెద్దవాళ్లుంటే మెథోట్రెక్సేట్ ఉండొచ్చు. ఎవరికైనా స్క్రబ్ టైఫస్ జ్వరం వచ్చి తగ్గి ఉంటే డాక్సీసైక్లిన్ క్యాప్సూళ్లు కనిపించవచ్చు. మూడూ మూడు వేర్వేరు జబ్బులకు వాడేవి. కానీ వీటి పుట్టుపూర్వోత్తరాలు వెతుక్కుంటూ వెళితే ఒకే మనిషి దగ్గర ఆగుతాం. ఆయన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన పేరు మీరు వినే ఉంటారు. పిల్లల పాఠాల్లో చదివి కూడా ఉంటారు. అయితే ఈ మందులన్నిటినీ కలిపే దారం ఒకటుంది. మన కణాలు జన్యువుల్లోని సమాచారాన్ని చదువుకుని ప్రొటీన్లు తయారుచేసుకునే పనే ఆ దారం. దాని గురించి కాస్త తెలిస్తే సుబ్బారావు చేసిన పని ఎంత పెద్దదో అర్థమవుతుంది. మందులు వాడేటప్పుడు ఏ జాగ్రత్త ఎందుకో కూడా తెలుస్తుంది.

కణంలో దండ కట్టే పని

చక్కెరను అదుపులో ఉంచే ఇన్సులిన్, రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్, అన్నం అరిగించే ఎంజైములు, జుట్టు, గోళ్లు... ఇవన్నీ ప్రొటీన్లే. ప్రొటీన్ అంటే పూలదండ అనుకోండి. ఇందులో పూలు అమైనో ఆమ్లాలు. మొత్తం 20 రకాలు. ఏ పువ్వు తర్వాత ఏ పువ్వు గుచ్చాలో చెప్పే పుస్తకం కణ కేంద్రకంలో ఉంటుంది. అదే డీఎన్‌ఏ. అందులో ఉన్నవి నాలుగే అక్షరాలు.

ఆ పుస్తకాన్ని కణం బయటికి తీయదు. కావలసిన పేజీని మాత్రం చీటీ మీద ఎత్తి రాసుకుంటుంది. ఆ చీటీ పేరు మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ. అది కేంద్రకం దాటి బయటికొచ్చి రైబోజోమ్ దగ్గరికి చేరుతుంది. దండ కట్టే చెయ్యి రైబోజోమే. అది చీటీని మూడేసి అక్షరాల చొప్పున చదువుతుంది. నాలుగు అక్షరాలతో మూడేసి చొప్పున 64 మాటలు కుదురుతాయి. వాటిలో 61 ఏదో ఒక అమైనో ఆమ్లాన్ని సూచిస్తాయి. మిగతా మూడూ దండ పూర్తయిందని చెప్పే గుర్తులు. చీటీలో ఉన్న మాటకు సరిపోయే పువ్వును ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏ అనే చిన్న అణువు మోసుకొచ్చి అందిస్తుంది. రైబోజోమ్ దాన్ని దండలో గుచ్చి, తర్వాతి మాటకు జరుగుతుంది.

ఒక్క పువ్వు మారినా ఫలితం మారిపోవచ్చు. హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసులో ఉండే అమైనో ఆమ్లాలు 146. వాటిలో ఒకే ఒక్కటి మారితే సికిల్ సెల్ జబ్బు వస్తుంది.

ఈ పని ఊరికే జరగదు. దండలో ఒక్కో అమైనో ఆమ్లాన్ని చేర్చడానికి కణం కనీసం నాలుగు అధికశక్తి ఫాస్ఫేట్ బంధాలను ఖర్చుపెడుతుంది. ఆ శక్తిని సమకూర్చే నాణెం ఏటీపీ. ఈ ఏటీపీతోనే మన కథానాయకుడు శాస్త్ర ప్రపంచంలో పేరు తెచ్చుకున్నారు.

మూడోసారి పాసైన మెట్రిక్

సుబ్బారావు 1895 జనవరి 12న పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఇంట్లో ఇబ్బందులు ఎక్కువ. చదువు సాఫీగా సాగలేదు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. వారిని పొట్టన పెట్టుకున్నది స్ప్రూ అనే పేగుల జబ్బు. ఎంత తిన్నా పోషకాలు ఒంటికి పట్టవు, రక్తం పడిపోతుంది, మనిషి చిక్కి శల్యమవుతాడు. ఆ జబ్బులో వచ్చే రక్తహీనతకు ఫోలిక్ యాసిడ్ లోపం ఒక ముఖ్య కారణమని అప్పట్లో ఎవరికీ తెలియదు. ఎందుకంటే అప్పటికి ఆ విటమిన్ పేరే పుట్టలేదు.

సుబ్బారావు మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. స్నేహితులు, కాబోయే మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి చదువుకు సాయపడ్డారు. అవి గాంధీజీ పిలుపుతో ఖద్దరు ఊరూరా పాకుతున్న రోజులు. సుబ్బారావు కూడా ఆపరేషన్ గదికి ఖద్దరు దుస్తులతోనే వెళ్లారు. సర్జరీ ప్రొఫెసర్‌గా ఉన్న ఆంగ్లేయుడికి అది నచ్చలేదు. రాతపరీక్షలు బాగా రాసినా చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్. సర్కారు వైద్య ఉద్యోగం దొరకలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి మద్రాసులో నడుపుతున్న ఆయుర్వేద కళాశాలలో అనాటమీ పాఠాలు చెప్పారు.

1920ల మొదట్లో ఆయన బోస్టన్ ఓడెక్కారు. మామగారి సాయం, కాకినాడలోని సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన భరోసా తోడయ్యాయి. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. త్వరలో తిరిగొస్తానన్న మనిషి మళ్లీ రాలేదు. ఆ తర్వాత ఆ దంపతులు ఒకరినొకరు చూసుకోలేదు. ఆయన ఘనత చెప్పుకునేటప్పుడు ఆ ఇల్లాలు చెల్లించిన మూల్యాన్ని కూడా గుర్తుచేసుకోవాలి.

శక్తి నాణెం దొరికింది

హార్వర్డ్‌లో చదువుకుంటూ పూట గడవడానికి ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేశారు సుబ్బారావు. పగలు సైరస్ ఫిస్కే అనే శాస్త్రవేత్త ప్రయోగశాలలో పని. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో రంగును బట్టి కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రకటించారు. బయోకెమిస్ట్రీ విద్యార్థులు ఫిస్కే-సుబ్బారావు పద్ధతి పేరుతో ఇప్పటికీ నేర్చుకునేది దాన్నే. ఆ కొలతే వాళ్లకు కొత్త దారి చూపింది. కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ ఉందని 1927లో తెలిసింది. 1929లో ఏటీపీని వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని కనుగొన్నారు.

మీరు చెయ్యి ఎత్తినా, గుండె కొట్టుకున్నా, రైబోజోమ్ దండలో ఇంకో పువ్వు గుచ్చినా వెనక ఏటీపీ ఉండాల్సిందే. ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలకు మారారు. అక్కడ పరిశోధన మొత్తానికి నాయకుడయ్యారు.

ఆకులో దాగిన విటమిన్

లెడర్లీలో ఆయన ముందున్న పెద్ద పని ఫోలిక్ యాసిడ్. 1941లో పాలకూర ఆకుల నుంచి దాన్ని రాబట్టిన అమెరికా శాస్త్రవేత్తలు, ఆకు అనే అర్థమొచ్చే లాటిన్ మాటతో ఆ పేరు పెట్టారు. అంతకు పదేళ్ల ముందే బొంబాయిలో గర్భిణుల రక్తహీనతను పరిశీలించిన లూసీ విల్స్ అనే వైద్యురాలు, ఈస్ట్ సారంలో ఉన్న ఏదో పదార్థం వాళ్లకు రక్తం పట్టిస్తోందని గుర్తించారు. ఆ పదార్థం ఇదే. అయితే ఆకుల నుంచి తీస్తే చిటికెడు కూడా రాదు. 1945లో సుబ్బారావు బృందం దాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. ఎన్నో ఏళ్ల క్రితం సోదరులను బలిగొన్న జబ్బుకు పనికొచ్చే మందు అలా ఆయన చేతి మీదుగానే వచ్చింది.

ఫోలిక్ యాసిడ్ లేకపోతే ఏమవుతుంది? డీఎన్‌ఏ అక్షరాల తయారీ మందగిస్తుంది. కణం ప్రొటీన్లు చేసుకుంటూ పెరుగుతూనే ఉంటుంది కానీ, రెండుగా విడిపోవడానికి కావలసిన రెండో పుస్తకం సిద్ధం కాదు. అందుకే ఎముక మజ్జలో రక్తకణాలు ఉబ్బి పెద్దవవుతాయి తప్ప సంఖ్య పెరగదు. ఈ రకం రక్తహీనతలో రక్తకణాలు మామూలుకంటే పెద్దగా కనిపించేది ఇందుకే.

విటమిన్‌లా కనిపిస్తూ మోసం చేసే అణువును ఇస్తే క్యాన్సర్ కణాల విభజనా ఆగాలి కదా? సుబ్బారావు బృందం తయారుచేసిన అలాంటి అణువు అమినోప్టెరిన్. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్తక్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చారు. 1948లో ప్రకటించిన ఫలితాల ప్రకారం 16 మందిలో 10 మందికి జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. అప్పటిదాకా ఆ జబ్బొచ్చిన పిల్లలకు చేయగలిగింది ఏమీ లేదు. దాని తమ్ముడి లాంటి మందే నేటి మెథోట్రెక్సేట్.

సూక్ష్మజీవి దండకు అడ్డుపుల్ల

సుబ్బారావు నడిపించిన మరో వెతుకులాట మట్టిలో సాగింది. డెబ్బై ఏళ్లు దాటిన బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్తకు మిస్సోరీ మట్టిలో ఒక సూక్ష్మజీవి దొరికింది. దాని నుంచి వచ్చిన బంగారు రంగు మందు ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే తొలి మందు, 1948లో వెలుగులోకి వచ్చింది. ఇప్పటి డాక్సీసైక్లిన్ ఆ ఇంటిబిడ్డే.

ఈ మందులు బ్యాక్టీరియాలోని రైబోజోమ్‌లో దూరి, కొత్త పువ్వు వచ్చి కూర్చోవలసిన చోటును ఆక్రమిస్తాయి. దండ ఆగిపోతుంది. ప్రొటీన్ లేక బ్యాక్టీరియా పెరగలేదు. మన రైబోజోములు నిర్మాణంలో వేరుగా ఉంటాయి, పైగా మందు బ్యాక్టీరియాలో పోగుపడినంతగా మన కణాల్లో పోగుపడదు. కాబట్టి మనకు పెద్దగా హాని జరగదు.

ఇదంతా సుబ్బారావుకు తెలియదు. 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, న్యూయార్క్‌లో నిద్రలోనే కన్నుమూశారు. డీఎన్‌ఏ మెలికల నిచ్చెన ఆకారం 1953లో తెలిసింది. మూడక్షరాల సంకేతాన్ని ఛేదించడంలో పాలుపంచుకున్న హరగోవింద్ ఖొరానాకు 1968లో నోబెల్ వచ్చింది. రైబోజోమ్ చిన్న భాగం ఆకృతిని, టెట్రాసైక్లిన్ అందులో ఎక్కడ కూర్చుంటుందో కూడా 2000లో చూపిన బృందాన్ని నడిపింది చిదంబరంలో పుట్టిన వెంకట్రామన్ రామకృష్ణన్. ఆయనకు 2009లో నోబెల్ దక్కింది. సుబ్బారావుకు నోబెల్ రాలేదు. మన తపాలా శాఖ 1995లో ఒక స్టాంపు వేసింది. బోదకాలు నివారణకు ఆరోగ్య కార్యకర్తలు మీ వీధిలో పంచిన డీఈసీ మాత్ర కూడా ఆయన హయాంలో లెడర్లీలో పుట్టిందే.

మీరు గుర్తుంచుకోవాల్సినవి

జలుబు, ఫ్లూలకు యాంటీబయాటిక్ అడగకండి. వాటిని తెచ్చేది వైరస్. వైరస్‌కు సొంత రైబోజోమ్ ఉండదు, మన కణాల్లో ఉన్నదాన్నే వాడుకుంటుంది. టెట్రాసైక్లిన్ అడ్డుకోవడానికి అక్కడ ఏమీ లేదు.

డాక్సీసైక్లిన్‌ను గ్లాసు నిండా నీళ్లతో వేసుకోండి, వెంటనే పడుకోకండి. క్యాల్షియం, ఐరన్ మాత్రలు, యాంటాసిడ్లతో కలిపి వేసుకుంటే మందు ఒంటికి సరిగా పట్టదు. ఈ కుటుంబం మందులు క్యాల్షియానికి అంటుకుని ఎదిగే పళ్లకు మరక పట్టిస్తాయి కాబట్టి గర్భిణులకు, ఎనిమిదేళ్లలోపు పిల్లలకు సొంతంగా ఇవ్వకూడదు. స్క్రబ్ టైఫస్ లాంటి జబ్బుల్లో పిల్లలకు ఇవ్వాలా వద్దా అన్నది డాక్టరే తేల్చాలి. మిగిలిపోయిన క్యాప్సూళ్లను ఇంకొకరికి ఇవ్వకండి.

గర్భం కోసం ప్రయత్నిస్తున్నప్పటి నుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ అవసరం. బిడ్డ వెన్నుపాముగా మారే నాళం గర్భం దాల్చిన నాలుగు వారాల్లోనే మూసుకుంటుంది. నెల తప్పిందని తెలిసేసరికి ఆ గడువు దాదాపు అయిపోతుంది. పాలకూర, తోటకూర, పప్పులు, శనగల్లో ఫోలేట్ బాగా ఉంటుంది. ఆకుకూరల్ని ఎక్కువసేపు ఉడికించి నీళ్లు పారబోస్తే చాలావరకు పోతుంది. అయితే రక్తహీనత ఉందని పరీక్ష లేకుండా ఫోలిక్ యాసిడ్ ఒక్కటే నెలల తరబడి మింగడం మంచిది కాదు. అసలు లోపం బి12 అయితే రక్తం మెరుగుపడినట్టు కనిపిస్తూనే నరాలు దెబ్బతింటాయి.

మెథోట్రెక్సేట్‌ను కీళ్లవాతానికి వారానికి ఒక్కసారే ఇస్తారు. పొరపాటున రోజూ వేసుకుంటే ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణాపాయం కలుగుతుంది. ఏ వారం రోజున వేసుకోవాలో మందుల చీటీ మీద, క్యాలెండర్‌లో పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్లకు మందులిచ్చే బాధ్యత మీదైతే ఆ పని ఇవాళే చేయండి.